ఇంటికి గట్టి ట్రెడ్‌మిల్: బెల్టు కింద ఏముందో చూసి కొనండి

ఇంట్లో ట్రెడ్‌మిల్ ఆగిపోతే ముందు అనుమానం మోటారు మీదికే పోతుంది. మెకానిక్ వచ్చి ముందువైపు మూత విప్పి చూస్తే తరచుగా మోటారు బాగానే ఉంటుంది, దానికి కరెంటు పంపే కంట్రోల్ బోర్డు కాలి ఉంటుంది. బోర్డు మారిస్తే మిషన్ మళ్లీ నడుస్తుంది. కానీ ఆ బోర్డు ఎందుకు కాలిందో చూడకపోతే కొత్తది కూడా కొన్నాళ్లకు అదే దారి పడుతుంది. ట్రెడ్‌మిల్‌కు పెద్ద శత్రువు వేడి. ఆ వేడి మొదలయ్యేది మన పాదం కిందే, బెల్టు పలకను రాసుకునే చోట. కొనేముందు ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే, ప్రకటనల్లో కనిపించే అంకెల్లో ఏది పనికొస్తుందో ఏది రాదో చాలావరకు తేలిపోతుంది.

రాపిడి లెక్క

ముందొక రోలర్, వెనకొక రోలర్, మధ్యలో చెక్కపొడిని ఒత్తి చేసిన పలక, వీటన్నిటినీ చుట్టుకుని నడకబెల్టు. మోటారు ఒక సన్నటి డ్రైవ్ బెల్టుతో ముందు రోలర్‌ను తిప్పుతుంది, ఆ రోలర్ నడకబెల్టును లాగుతుంది. మనం అడుగు వేసిన ప్రతిసారీ మన బరువు బెల్టును పలకకేసి అదుముతుంది. అలా అదిమిపెట్టిన బెల్టును లాక్కుపోవడమే మోటారు చేసే అసలు పని.

80 కిలోల మనిషి పలకను దాదాపు 785 న్యూటన్ల బలంతో నొక్కుతాడు. బెల్టుకూ పలకకూ మధ్య వేసే నూనె సరిగ్గా ఉన్నప్పుడు రాపిడి ఇందులో ఐదో వంతు అనుకుందాం, అంటే 157 న్యూటన్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 1.39 మీటర్లు. రెండింటినీ గుణిస్తే 218 వాట్లు. ఇప్పుడు నూనె ఆరిపోయి రాపిడి రెండింతలైందనుకోండి, 436 వాట్లు కావాలి. అదనంగా పెట్టిన శక్తి అంతా బెల్టు అడుగునా పలక మీదా వేడిగా మారుతుంది. మోటారు లోపల సంగతి ఇంకా ఘోరం. ఇళ్లలో వాడే డీసీ మోటారు ఎంత బలంగా తిప్పాలంటే అంత కరెంటు లాగుతుంది; కరెంటు రెండింతలైతే తీగచుట్టలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఆ కరెంటంతా బోర్డు గుండానే రావాలి కాబట్టి ముందు ప్రాణం పోయేది దానికే.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. నెమ్మదిగా నడిస్తే మిషన్‌కు శ్రమ తక్కువనుకుంటాం. కానీ రాపిడి బలం వేగాన్ని బట్టి పెద్దగా మారదు. గంటకు 2 కిలోమీటర్ల వేగంలోనూ మోటారు దాదాపు అంతే కరెంటుతో లాగాలి. మోటారును చల్లబరిచే ఫ్యాను మాత్రం మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది, నెమ్మదిగా తిరిగితే అది గాలి సరిగ్గా విసరదు. అందుకే బరువైన మనిషి రోజూ నెమ్మదిగా గంటసేపు నడిచే మిషన్, సన్నటి మనిషి పరుగెత్తే మిషన్ కన్నా వేడెక్కి ముందుగా పాడవుతుంది. ‘నేను నడవడానికే కదా, చిన్న మోటారు చాలు’ అనుకునే ముందు మీ బరువు చూసుకోండి. 90 కిలోలు దాటితే నడకకైనా పెద్ద మోటారున్న మిషనే తీసుకోండి.

మోటారు మీద రాసిన హార్స్‌పవర్

ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 230 వోల్టుల సరఫరాలో 10 ఆంపియర్ల ప్లగ్గు గరిష్ఠంగా ఇవ్వగలిగేది 2,300 వాట్లు, అంటే సుమారు 3.1 హార్స్‌పవర్. అమెరికాలో మాదిరి 120 వోల్టులు, 15 ఆంపియర్లు అయితే 1,800 వాట్లు, అంటే 2.4 హార్స్‌పవర్. అందులోనూ కొంత బోర్డులో, మోటారులో వేడిగా పోతుంది. మరి మామూలు ప్లగ్గుకు పెట్టుకునే మిషన్ మీద ‘6 హెచ్‌పీ’ అని ఎలా రాస్తారు? అది పీక్ హార్స్‌పవర్, మోటారు క్షణకాలం మాత్రమే చూపించగల బలం. మనకు కావాల్సింది ఆగకుండా గంటల తరబడి ఇవ్వగల కంటిన్యువస్ హార్స్‌పవర్. కరపత్రంలో ఈ మాట లేకపోతే సేల్స్‌మన్‌ను అడగండి. ఆయనా చెప్పలేకపోతే మిషన్ వెనక అతికించిన రేటింగ్ ప్లేటు మీద ఎన్ని వాట్లని ఉందో చూసి 746తో భాగించండి. మోటారు బలం ఆ అంకెను దాటే అవకాశమే లేదు.

నడకకు 2, జాగింగ్‌కు 2.5, రోజూ పరుగుకు 3 కంటిన్యువస్ హార్స్‌పవర్ ఉంటే సరిపోతుంది. మోటారు ఎంత వేగంలో తిరిగేటప్పుడు ఆ అంకె ఇచ్చిందో కూడా కనుక్కోగలిగితే మంచిది. నిమిషానికి 4,000 చుట్ల దగ్గర 2 హార్స్‌పవర్ ఇచ్చే మోటారుకు, 8,000 చుట్ల దగ్గర అదే 2 ఇచ్చే మోటారుకన్నా తిప్పే బలం రెండింతలుంటుంది. చవక మిషన్లలో తేలికపాటి మోటారును ఎక్కువ వేగంతో తిప్పి పెద్ద అంకె రాబడతారు. వీలైతే మూత తీయించి మోటారును కళ్లారా చూడండి. గుప్పెడంత మోటారు మీద పెద్ద అంకె కనిపిస్తే నమ్మకండి.

జిమ్ముల్లో వాడే ఏసీ మోటారు మన్నికైనదే, కానీ బరువూ ఖర్చూ ఎక్కువ. ఇంట్లో ఒకరిద్దరు రోజుకు గంటసేపు వాడుకోవడానికి మంచి డీసీ మోటారు చాలు. అందులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరుగుతాయి గానీ చాలా మోటార్లకు పైనుంచే మరలు విప్పి వాటిని మార్చుకోవచ్చు.

పలక, బెల్టు, రోలర్లు

మన్నిక అంతా ఈ మూడింటి చేతిలో ఉంది. విచిత్రంగా కరపత్రాల్లో తక్కువగా చెప్పేదీ వీటి గురించే.

పలక మందం చవక మిషన్లలో 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. 18 ఉంటే నడకకూ జాగింగ్‌కూ హాయిగా సరిపోతుంది. పరుగెత్తేవాళ్లు 22 నుంచి 25 చూసుకోవాలి. సన్న పలక అడుగు పడ్డప్పుడల్లా మధ్యలో వంగుతుంది, వంగిన చోట బెల్టు ఎక్కువ రాసుకుని పైపూత ముందుగా అక్కడే లేచిపోతుంది. మందంతో పాటు పైపూత కూడా ముఖ్యమే. నున్నగా, గట్టిగా, మెరిసే ఫినాలిక్ పూత ఉండాలి. పూత లేని పలక నూనెను పీల్చేసుకుంటుంది, ఎంత పోసినా నెలకే ఆరిపోతుంది.

బెల్టు ఒక పొరదా, రెండు పొరలదా అని అడగండి. రెండు పొరల బెల్టు అంచులు పైకి ముడుచుకోకుండా చాలాకాలం చదునుగా ఉంటాయి. షోరూంలో మిషన్ ఆపించి బెల్టు అంచు పట్టుకుని వంచి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది: పలచటిది గుడ్డలా వంగుతుంది, మందమైనది ఎదురుతిరుగుతుంది.

రోలర్ల సంగతి చాలామంది అడగరు. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ గంటకు 10 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 1,330 సార్లు తిరగాలి. 60 మిల్లీమీటర్లదైతే దాదాపు 880 చాలు. తక్కువ తిరిగితే బేరింగులు ఎక్కువకాలం ఉంటాయి. పైగా సన్న రోలర్ చుట్టూ బెల్టు ఇరుగ్గా వంగి వంగి జాయింటు దగ్గర చిట్లుతుంది, రోలర్‌ను పట్టుకునే చోటు తక్కువ కాబట్టి జారకుండా ఉండాలంటే ఎక్కువ బిగించాల్సి వస్తుంది. ఎక్కువ బిగిస్తే బేరింగుల మీదా మోటారు మీదా భారం. ఒక్క సన్న రోలర్ ఇన్ని ఇబ్బందులు తెస్తుంది.

చట్రం ఎంత గట్టిది

పరుగులో పాదం మోపినప్పుడు నేలను తాకే బలం శరీర బరువుకు రెండు మూడింతలు ఉంటుంది. నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరుగెత్తితే 4,800 సార్లు అలాంటి దెబ్బ పడుతుంది. దీన్ని తట్టుకునేది ఇనుమే కాబట్టి చట్రం సంగతి మిషన్ సొంత బరువే చెబుతుంది. పెట్టె బరువు కాకుండా మిషన్ నికర బరువు ఎంతో అడగండి. మడిచే మిషన్లలో 50 కిలోలకు అటూఇటూ ఉన్నది నడకకు. పరుగుకు 80 కిలోలు దాటినవి చూడాలి.

గరిష్ఠ వాడకందారు బరువు అని రాసిన అంకె అచ్చంగా మీ బరువుకు సరిపోయేలా ఉంటే ఆ మిషన్ వద్దు. మీ బరువు ఆ అంకెలో మూడొంతులకు మించకుండా చూసుకోండి. 90 కిలోల మనిషికి 120 కిలోల మిషన్. ఇంట్లో పలువురు వాడితే అందరిలో బరువైనవారి లెక్కే తీసుకోవాలి. ట్రెడ్‌మిల్‌ల భద్రతకు ఐఎస్‌ఓ 20957 ప్రమాణంలో ఆరో భాగం ప్రత్యేకంగా ఉంది. అందులో ఇంటి వాడకానికి హెచ్ తరగతి, జిమ్ములాంటి చోట్లకు ఎస్ తరగతి. రేటింగ్ ప్లేటు మీద ఈ అక్షరం కనిపిస్తే తయారీదారు ఏ వాడకాన్ని ఉద్దేశించాడో తెలుస్తుంది. హెచ్ తరగతి మిషన్‌ను అపార్ట్‌మెంట్ క్లబ్బు గదిలో పెట్టి పదిమంది వాడితే వారంటీ చెల్లకపోవచ్చు.

మడిచే మిషన్ బలహీనమన్న అనుమానం చాలామందికి ఉంటుంది. మడత వల్ల మిషన్ బలహీనపడదు గానీ, కీలు దగ్గరి బోల్టు వదులైతే మిషన్ మొత్తం ఊగుతుంది. గ్యాస్ స్ట్రట్ (గ్యాస్ నింపిన ఊతగొట్టం) ఉండి, పలకను దించేటప్పుడు చివరి జానెడు దూరం తనంతట తాను మెల్లగా దిగేదైతే మంచిది.

బల్ల కింద పెట్టుకునే పలచటి వాకింగ్ ప్యాడ్‌ల గురించి ఒక మాట. వాటిలో రోలర్లు సన్నవి, పలక పలచన, మోటారు చిన్నది. పనిచేసుకుంటూ గంటకు 2, 3 కిలోమీటర్ల వేగంతో నడవడానికి, బరువు తక్కువున్నవారికి పనికొస్తాయి. వ్యాయామానికి అదొక్కటే ఆధారం చేసుకోకండి. కరెంటు లేకుండా కాళ్లతో తోసే చదును మిషన్లు మరీ చవక. ముందుకు వాలి కడ్డీ పట్టుకుంటే తప్ప బెల్టు కదలదు, నడక తీరే చెడుతుంది.

ఎంత పొడవు, ఎంత వెడల్పు

నడకకు బెల్టు 40 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు. జాగింగ్‌కు 45, 130. పరుగుకు 50, 140. ఆరడుగుల మనిషైతే 150. కరపత్రంలో ‘రన్నింగ్ సర్ఫేస్’ అని రాసిన కొలతలో ఒక్కోసారి పక్కన కాళ్లు పెట్టుకునే పట్టీలను కూడా కలిపేస్తారు. టేపు తీసుకెళ్లి కదిలే బెల్టును మాత్రమే కొలవండి. పొడవు చాలకపోతే ముందున్న మూతకు కాలు తగులుతుందన్న భయంతో అడుగు తెలియకుండానే కురచ అవుతుంది. మీరు వాడబోయే గరిష్ఠ వేగంలో నడుస్తుంటే పక్కన ఒకరిని నిలబెట్టి చూడమనండి. ముందు పాదం మూతకు, వెనక పాదం వెనక రోలర్‌కు చెరో జానెడు ఎడం ఉండాలి.

ఇంక్లైన్ ఉంటే వేగం ఎందుకు అక్కర్లేదు

తక్కువ ఖర్చులో గట్టి మిషన్ కావాలంటే వేగం మీద పెట్టే డబ్బు ఇంక్లైన్ మీద, అంటే మిషన్ ముందు భాగాన్ని లేపి ఎక్కుడు దారిలా చేసే సదుపాయం మీద పెట్టమని మా సలహా. దీనికి లెక్క ఉంది. నడకకు ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో అంచనా వేయడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూత్రం వాడతారు. దాని ప్రకారం చదునులో గంటకు 5 కిలోమీటర్లు నడిస్తే కిలో శరీర బరువుకు నిమిషానికి 11.8 మిల్లీలీటర్లు. అదే వేగంలో 5 శాతం ఎత్తు పెడితే 19.3. పది శాతానికి 26.8. చదునులో గంటకు 7 కిలోమీటర్ల పరుగుకు అదే సంస్థ పరుగు సూత్రం ఇచ్చే అంకె కూడా సరిగ్గా 26.8! పరుగెత్తినంత శ్రమ నడకలోనే వస్తుంది, మోకాళ్ల మీద దూకుడు దెబ్బ లేకుండా. గుండె పరీక్షకు ఆసుపత్రుల్లో వాడే బ్రూస్ ప్రోటోకాల్ కూడా గంటకు 2.7 కిలోమీటర్ల నెమ్మది నడకతోనే మొదలవుతుంది, కానీ 10 శాతం ఎత్తులో. మూడు నిమిషాలకోసారి వేగంతో పాటు ఎత్తూ పెంచుతారు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఈ ఎత్తుల జోలికి డాక్టరును అడక్కుండా వెళ్లకూడదు.

ఇంక్లైన్ మిషన్‌కూ మేలు చేస్తుంది. ఎత్తు మీద నిలబడితే మన బరువులో కొంత భాగం బెల్టును వెనక్కి, కిందికి తోస్తుంది. పైన చెప్పిన 80 కిలోల మనిషే 10 శాతం ఎత్తులో నడిస్తే ఆ తోపు సుమారు 78 న్యూటన్లు. 157 న్యూటన్ల రాపిడిలో సగం మన బరువే దాటించేస్తుంది, మోటారుకు మిగతా సగమే. బరువైనవారు నెమ్మదిగా నడిచేటప్పుడు 3, 4 శాతం ఎత్తు పెట్టుకుంటే మోటారు చల్లగా ఉంటుందని మెకానిక్‌లు చెప్పేది ఇందుకే. ఇదే కారణంతో, ఎత్తులో ఆపేసిన మిషన్ మీదికి ఎక్కితే బెల్టు జారి పడిపోయే ప్రమాదముంది. దిగేముందు ఇంక్లైన్ సున్నాకు తేవడం అలవాటు చేసుకోండి.

రెండు జాగ్రత్తలు. ‘15 లెవెల్స్’ అన్నది 15 శాతం కాకపోవచ్చు, శాతం ఎంతో విడిగా అడగండి. చేత్తో మార్చే ఇంక్లైన్‌లో వెనక కాళ్లు సర్దాలంటే దిగి మిషన్‌ను లేపాలి, రెండు మూడు మెట్లే ఉంటాయి. కొన్న నెలలోనే దాన్ని మార్చడం మానేస్తారు. మోటారుతో లేచేదే తీసుకోండి.

గది ఎత్తు కూడా ఇక్కడే లెక్కేసుకోవాలి. 175 సెంటీమీటర్ల మనిషికి పలక ఎత్తు 20, పది శాతం ఇంక్లైన్‌కు ముందు భాగం లేచేది సుమారు 13, అడుగులో తల పైకి లేచేందుకు 15 కలిపితే 223 సెంటీమీటర్లు. నెత్తి మీద ఫ్యాను ఉంటే ఆ రెక్కల ఎత్తు కొలవండి, కప్పు ఎత్తు కాదు.

షోరూంలో పది నిమిషాలు

నడవబోయే బూట్లతోనే వెళ్లండి. ముందు మిషన్ మీద ఎవరూ లేకుండా గంటకు 5 కిలోమీటర్ల వేగంలో తిప్పించి వినండి. ‘హుమ్’ అనే సన్నటి మోత సహజం. ఒక్కో చుట్టుకు ఒకసారి టక్కుమంటే బెల్టు జాయింటు ఎత్తుగా ఉందని, కీచుమంటే బేరింగు సందేహమని. తర్వాత ఎక్కి కడ్డీ పట్టుకోకుండా నాలుగైదు నిమిషాలు నడవండి. మీ ఎదుట ఉన్న తెర ప్రతి అడుగుకూ ఊగుతోందా? కడ్డీని పక్కలకు ఊపితే కీళ్ల దగ్గర కదులుతోందా?

తర్వాతిది అసలు పరీక్ష, కడ్డీ పట్టుకోగలిగిన ఆరోగ్యవంతులు మాత్రమే చేయాలి. వేగం 2 కిలోమీటర్లకు తగ్గించి, రెండు చేతులతో కడ్డీ గట్టిగా పట్టుకుని, పాదాలతో బెల్టును కొంచెం అడ్డుకోండి, కొండ దిగేటప్పుడు నిలదొక్కుకున్నట్టు. మంచి మిషన్‌లో మోటారు ఒక్క క్షణం తడబడినా వెంటనే బలం పెంచి లాగుతుంది. బెల్టు ఆగిపోతే, లేదా ఆగి ఆగి కుదుపులతో కదిలితే అది మీ బరువుకు సరిపోని మిషన్.

వేగం నిజమో కాదో తేల్చడానికి బెల్టు అంచున తెల్ల టేపు ముక్క అంటించండి. బెల్టు చుట్టుకొలత 2.8 మీటర్లనుకుంటే 20 చుట్లకు 56 మీటర్లు. తెర మీద 6 కిలోమీటర్లు చూపిస్తుంటే ఆ 20 చుట్లకు 33.6 సెకన్లు పట్టాలి. రెండు మూడు సెకన్ల తేడా ఉంటే ఫరవాలేదు. అంతకు మించితే తెర చూపే దూరాన్నీ నమ్మలేం.

డబ్బు ఆదా చేసుకోగలిగేది తెర దగ్గర, స్పీకర్ల దగ్గర, పదుల కొద్దీ ఉన్న ప్రోగ్రాముల దగ్గర. పెద్ద తెర ఉన్నంత మాత్రాన మిషన్ గట్టిది కాదు. కడ్డీలోని గుండె వేగం సెన్సర్లు చెయ్యి కదిలితే తప్పు చెబుతాయి; అది ముఖ్యమనుకుంటే ఛాతీకి కట్టుకునే పట్టీ విడిగా తీసుకోవచ్చు. కాలరీల అంకె కూడా పట్టించుకోదగ్గది కాదు, మీరు కడ్డీకి వాలి నడుస్తున్నారో లేదో ఆ మిషన్‌కు తెలియదు.

వారంటీ కాగితంలో ‘మోటారుకు జీవితకాలం’ అన్న పెద్ద అక్షరాల దగ్గర ఆగిపోకండి. కంట్రోల్ బోర్డుకు ఎన్నేళ్లు, విడిభాగాలతో పాటు మెకానిక్ కూలి ఎన్నాళ్లు, బెల్టూ పలకా అరుగుదల సామాన్లుగా మినహాయించారా, ఈ మూడూ చదవండి. బోర్డుకు ఒక ఏడాదే ఉండి మోటారుకు జీవితకాలం ఉన్న వారంటీ కన్నా అన్నిటికీ మూడేళ్లున్నది మేలు.

కరెంటు, చోటు

ట్రెడ్‌మిల్‌కు విడి లైను మంచిది. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే తీగలోనే వోల్టేజీ పడిపోతుంది, బోర్డు సతమతమవుతుంది. ఎర్తింగ్ లేని సాకెట్లో పెట్టవద్దు: బెల్టు రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు దిగిపోవడానికి దారి కావాలి, లేకపోతే కడ్డీ ముట్టుకున్నప్పుడల్లా చురుక్కుమంటుంది, ఒక్కోసారి తెర దానంతటదే మళ్లీ మొదలవుతుంది. కింద మందపాటి రబ్బరు చాప పరిస్తే కింది అంతస్తువాళ్లకు అడుగుల దడదడ తగ్గుతుంది, నేల మీది దుమ్మూ వెంట్రుకలూ మోటారు పెట్టెలోకి పోవడం కూడా తగ్గుతుంది.

వెనక రెండు మీటర్లు, పక్కలకు అర మీటరు ఖాళీ వదలండి. గోడకు వీపు ఆనించి పెట్టిన ట్రెడ్‌మిల్ చాలా ప్రమాదకరం, జారినవారు గోడకూ కదిలే బెల్టుకూ మధ్య ఇరుక్కుంటారు. పిల్లలున్న ఇంట్లో వెనక రోలర్ దగ్గర మరింత జాగ్రత్త. 2021 మే నెలలో అమెరికాలో పెలోటాన్ సంస్థ తన ట్రెడ్ ప్లస్ మిషన్లు సుమారు 1,25,000 వెనక్కి పిలిచింది, ఒక పిల్లవాడు మిషన్ వెనక భాగం కిందికి లాగబడి చనిపోయాడు. పని అయిపోగానే సేఫ్టీ కీ (తీస్తే బెల్టు ఆగిపోయే తాళం) తీసి పిల్లలకు అందని చోట పెట్టండి, ప్లగ్గు పీకేయండి. నడిచేటప్పుడు ఆ కీ తాడును చొక్కాకు తగిలించుకోవడం మరిచిపోకండి.

నూనె, బిగింపు

వాడవలసింది స్వచ్ఛమైన సిలికాన్ ఆయిల్ మాత్రమే. వంటనూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. అవి బెల్టు అడుగు పొరను పాడుచేస్తాయి, జిగటగా మారి దుమ్ము పట్టేస్తాయి. మైనం పట్టించిన పలకలకు నూనె అసలు వేయకూడదు, అందుకే ముందు మాన్యువల్ చూడాలి. మామూలుగా మూడు నెలలకోసారి లేదా 40 గంటల వాడకానికోసారి వేయమంటారు. క్యాలెండరు కన్నా చెయ్యి నమ్మదగ్గది. ప్లగ్గు పీకి, బెల్టు మధ్య భాగాన్ని పక్క నుంచి ఎత్తి, పాదాలు పడే చోట పలకను వేళ్లతో రాయండి. వేళ్లకు సన్నటి జిడ్డు తగిలితే ఇంకా వేయక్కర్లేదు. పొడిగా, కొంచెం వెచ్చగా, నల్లటి పొడి అంటితే ఆలస్యమైందని అర్థం.

పొడిగా ఉంటే పలకను, బెల్టు అడుగును నూలుగుడ్డతో తుడిచి, సీసా ముక్కును వీలైనంత లోపలికి పెట్టి ఒక్కో వైపు 10 నుంచి 15 మిల్లీలీటర్లు వంకరటింకర గీతలా వేయండి. తర్వాత ప్లగ్గు పెట్టి గంటకు 3 కిలోమీటర్ల వేగంలో ఐదు నిమిషాలు నడిస్తే నూనె పరుచుకుంటుంది. ఎక్కువ పోస్తే బెల్టు రోలర్ మీద జారుతుంది.

బిగింపు సరిగ్గా ఉంటే బెల్టు మధ్యలో పట్టుకుని ఎత్తినప్పుడు 5 నుంచి 8 సెంటీమీటర్లు లేవాలి. వెనక రోలర్ రెండు చివర్లలో ఆలెన్ కీ పట్టే బోల్టులుంటాయి. బెల్టు కుడికి పోతుంటే కుడి బోల్టును పావు చుట్టు బిగించండి, ఎడమకు పోతే ఎడమది. ఒక పావు చుట్టు తిప్పాక, మనిషి ఎక్కకుండా గంటకు 5 కిలోమీటర్ల వేగంలో రెండు నిమిషాలు వదిలి చూడాలి. ఓపిక లేక ఒకేసారి రెండు చుట్లు తిప్పినవాళ్ల బెల్టు అంచులే చిరిగేది.

అడుగు వేయగానే బెల్టు తటాల్న ఆగుతోందా? ముందు మూత తీసి, ఆగిన క్షణంలో ముందు రోలర్‌ను చూడండి, చేతులు దూరంగా ఉంచి. రోలర్ తిరుగుతూ పైబెల్టు మాత్రమే ఆగితే నడకబెల్టు వదులు లేదా నూనె ఎక్కువ. మోటారు తిరుగుతూ రోలర్ కూడా ఆగితే డ్రైవ్ బెల్టు వదులు. రెండు సమస్యలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఇది తెలియక నడకబెల్టునే బిగిస్తూపోయి బేరింగులు పోగొట్టుకునేవారున్నారు.

పాత మిషన్ కొంటే

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు కొత్త నాసిరకం కన్నా పాత మంచి మిషన్ మేలని గట్టిగా చెప్పగలం, కాకపోతే చూసి కొనాలి. జిమ్ము నుంచి వచ్చేవాటికి 150 కిలోలు దాటే బరువు, ఇంటి సాకెట్‌కు మించిన కరెంటు అవసరం ఉండొచ్చు. ప్లగ్గు ఆకారం ముందే చూసుకోండి. ఇళ్లలో బట్టలారేసుకోవడానికి వాడినవి చాలా దొరుకుతాయి, వాటిలో తెర మీది మొత్తం గంటలు అడిగి చూడండి. సేఫ్టీ కీ ఉందా, ఇంక్లైన్ పూర్తిగా లేచి పూర్తిగా దిగుతోందా, ఆ మోడల్‌కు బోర్డు ఇంకా దొరుకుతుందా తెలుసుకోండి. పావుగంట నడిచాక మోటారు మూత దగ్గర ముక్కు పెట్టండి. కాలిన వార్నిష్ వాసన వస్తే వదిలేయండి.

చివరగా ప్లగ్గు పీకించి బెల్టు కిందికి చెయ్యి పోనివ్వండి. పలక ఇంకా నున్నగా ఉంటే బేరం మొదలుపెట్టవచ్చు. పాదాలు పడే చోట గరుకుగా, గాడిలా తగిలితే పలకా బెల్టూ రెండూ మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలోంచి తగ్గించమనండి. అయితే కొత్త పలక కొనేముందు పాత పలక అడుగు ముఖానికీ అదే పూత ఉందేమో చూడండి. అలాంటి పలకలను తిరగేసి బిగించుకోవచ్చు.